నాదశేషము

అయిదంతస్తుల అపార్టుమెంటులో మూడవ అంతస్తున కాపురముండి, గోడ కవతల పదవ తరగతి పరీక్షకు చదువుకొను పిల్లయు, క్రింది వాటాలో మధ్యాహ్నపు కునుకు తీయు వృద్ధదంపతులును పొరుగుగా గల చెన్నపట్టణవాసి, ముప్పది వాట్ల వాల్వు యాంప్లిఫయరు నొకదానిని కొని, దాని అసలు కంఠము పలుకునంత హెచ్చుగా మీట త్రిప్పి వాయించుట శాస్త్రరీత్యా సాధ్యమే కాని లోకరీత్యా అసాధ్యము. వాల్వు యాంపు స్వభావ మట్టిది: మెల్లగా మ్రోగించినంత కాలము అది సామాన్యముగ నుండి, తన శక్తి యంచునకు చేరినప్పుడే రసవంతమగును, ఆ యంచునకు చేరునప్పటికి వీధి చివరి దుకాణము వారికి సైతము అది వినబడును. ఈ కారణముచేతనే ఈ నగరమున గిటారు పట్టిన యువజనులలో పెక్కురకు నేడు యాంపనగా ఒడిలో నిలుపుకొనిన ట్యాబ్లెట్టు, చెవుల కొక ఇయర్‌ఫోను, ఆ రెంటి నడుమ నొక యాపు. ఆ యాపులలో నేది మేలు అను ప్రశ్నకు రాక్ సంగీతపు దేశములలో నొక సమాధానము కలదు. చెన్నపట్టణమున దానికి వేరొక సమాధానము చెప్పవలసియున్నదని నా యభిప్రాయము.

అనుకరణ మనగానే పెదవి విరుచు పెద్దలు కలరు. అసలు యాంపు అసలే, నకలు నకలే యని వారందురు. వారికి చెప్పదగిన మాట చరిత్రలోనే యున్నది. లండను పడమటి భాగమున హాన్వెల్ అను పేటలో వాద్యముల దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షల్, 1962 ప్రాంతమున తన కొట్టునకు వచ్చు వాద్యకారుల కోరికపై, అమెరికాలోని ఫెండర్ సంస్థవారి బాస్‌మన్ యాంపు సర్క్యూటును దాదాపు యథాతథముగ గ్రహించి, తనకు సులభముగ దొరకు విడిభాగములతోను, స్పీకర్లతోను జేటీఎం 45 అను యాంపును తయారు చేయించెను. భాగములు మారుటచే స్వరము మారెను. మారిన యా స్వరమే తరువాతి తరములకు రాక్ గిటారు స్వరమయ్యెను. అనగా నేడు ప్రతి యాపును మొట్టమొదట అనుకరింపజూచు ఆ మార్షల్ యాంపు తానే యొక నకలు.

తరువాతి మజిలీలను త్వరగా దాటవచ్చును. బోస్టన్ అను బృందపు నాయకుడును, ఎం.ఐ.టి.లో ఇంజనీరింగు చదివినవాడును అగు టామ్ షోల్జ్ 1982లో రాక్‌మన్ అను చిన్న పెట్టెను తెచ్చి, యాంపు స్వరమును తొలిసారిగా నడుమునకు తగిలించుకొను వస్తువుగ మార్చెను. 1989లో న్యూయార్కునుండి శాన్స్‌యాంప్, 1998లో కాలిఫోర్నియానుండి లైన్ సిక్స్ వారి పాడ్ అను ఎర్రని పెట్టె వచ్చినవి. 2010లో ఐప్యాడ్ పుట్టెను. ఇటలీలోని మోడెనా నగరపు ఐకే మల్టీమీడియా వారు ఆ యేడే, గిటారును పరికరమునకు కలుపు ఐరిగ్ అను అతుకుతోపాటు యాంప్లిట్యూబ్ యాపును చేతి పరికరములకు తెచ్చిరి. 2011 మార్చిలో ఆపిల్ వారు తొమ్మిది యాంపులు, పది పెడళ్ళు గల గ్యారేజ్‌బ్యాండును ఐప్యాడునకు విడుదల చేసిరి.

ఇక చెన్నపట్టణమునకు వత్తము. ఈ నగరమునకు గిటారు క్రొత్తది కాదు. 1842లో వెలసి, నేటికిని అన్నా సాలైపై నిలిచియున్న మ్యూసీ మ్యూజికల్ దుకాణము ట్రినిటీ కళాశాల వారి సంగీత పరీక్షలకు ఎన్నియో తరములుగా ఇచట ద్వారమైయున్నది. ధన్‌రాజ్ మాస్టరు వద్ద పాశ్చాత్య సంగీతము నభ్యసించి, ఆ ట్రినిటీ పరీక్షలలోనే శాస్త్రీయ గిటారునకు స్వర్ణపతకము పొందిన ఇళయరాజా, స్వరకర్తగా పేరొందుటకు పూర్వము సలిల్ చౌదరి వంటివారి రికార్డింగులలో గిటారు వాయించినవాడే. తెలుగు సినిమా కోడంబాకం, వడపళని పరిసరములను విడిచి హైదరాబాదునకు తరలిపోవు వరకు, మనము రేడియోలో విని యానందించిన గిటారు బిట్టులలో అత్యధికభాగము ఈ పేటల రికార్డింగు థియేటర్లలో పుట్టినవే.

అయితే నేను కొలబద్దగా గ్రహింపదలచినది సినిమా గిటారును కాదు. పాలకొల్లున 1969 ఫిబ్రవరి 28న జన్మించి, తొమ్మిదవ యేట 1978లో గుడివాడలో త్యాగరాజోత్సవమున తొలి కచేరీ చేసి, 1981లో మదరాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై ఈ నగరపు రసికుల నాశ్చర్యమున ముంచి, 2014 సెప్టెంబరు 19న ఇచటనే నలువదియైదవ యేట కన్నుమూసిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలోని మాండలిన్‌ను. పాశ్చాత్యుల మాండలిన్‌కు జంటజంటలుగా నాలుగు వరుసల తీగెలు; మీటిన స్వరము మీటిన వెంటనే క్షీణించును; జంట తీగెలను ప్రక్కకు లాగి గమకము పలికించుట మిగుల కష్టము. శ్రీనివాస్ జంటలను తీసివైచి అయిదు ఒంటి తీగెలను కట్టి, విద్యుత్ పికప్పును ఆశ్రయించెను. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు గాత్రమున పాడి చూపిన దానిని ఆ బాలుడు తీగెపై దింపవలెనన్న, ఒక్క మీటున పుట్టిన నాదము మూడు నాలుగు స్వరములపై సంచరించునంత సేపు బ్రదికియుండవలెను. ఆ బ్రదుకును ప్రసాదించినది విద్యుత్తు. ఆ వాద్యమున యాంప్లిఫయరు ధ్వనిని హెచ్చించు ఉపకరణము మాత్రమే కాక, తీగెలంత అవసరమైన అంగమైనది. ఎలక్ట్రిక్ గిటారుపై కర్ణాటక సంగీతమును వాయించిన సుకుమార్ ప్రసాద్‌కును, మదరాసు ఐ.ఐ.టి.లో నౌకానిర్మాణశాస్త్రము చదివి గిటారు విద్వాంసుడైన ఆర్. ప్రసన్నకును ఈ సూత్రమే వర్తించును.

కావున ఇచటి వాద్యకారుడు యాపును పరీక్షింపవలసినది అది ఎన్ని యాంపుల బొమ్మలను తెరపై చూపుచున్నదని కాదు. మీటిన క్షణమున అన్ని యాపులును ఘనముగనే మ్రోగును. దుకాణమున చెవి మోసపోవునది ఆ తొలి క్షణముననే. స్వరము సగము బ్రదుకు గడచిన పిమ్మట, నాదశేషము సన్నగిల్లుచుండగా, వ్రేలు ఇంకను గాంధారమును ఊపుచుండగా, ఆ యాపు ఏమి చేయుచున్నదో వినవలెను.

దీనికి ముందు ఆలస్యము సంగతి యొకటి తేల్చుకొనవలెను. తీగెనుండి వచ్చు విద్యుత్తరంగమును ట్యాబ్లెట్టు సెకనుకు 48,000 తునకలుగ ఖండించి, కొన్ని తునకల నొక మూటగ గట్టి, మూట నిండిన తరువాతనే లెక్క ప్రారంభించును. మూటకు 128 తునకలైనచో లోనికి వచ్చుటకు 2.7 మిల్లీసెకన్లు, వెలుపలికి పోవుటకు మరియొక 2.7, అతుకుపెట్టెలోని మార్పిడులను గూడ కలుపుకొనిన మొత్తము పది మిల్లీసెకన్ల దరిదాపున తేలును. ఇది దోషమా? ముప్పది డిగ్రీల ఉష్ణమున్న మన గాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు ప్రయాణించును గనుక, పది మిల్లీసెకన్ల ఆలస్యమనగా యాంపునకు మూడున్నర మీటర్ల దూరమున నిలిచి వాయించుట. వేదికపై అంత దూరమున నిలువని గిటారిస్టు లేడు. కాని ఇదే పనిని బ్లూటూత్ ఇయర్‌ఫోనుతో చేయబూనినవాని గతి వేరు. నూటయేబది, రెండువందల మిల్లీసెకన్ల ఆలస్యమున అతడు సభాభవనపు క్యాంటీనులో కాఫీ గిన్నె పట్టుకొని నిలిచి, లోపల తాను వాయించుచున్న కల్పనస్వరమును తానే వినుచున్నట్లుండును. తాళము నిలుచుట కల్ల. యాపు ఏదైనను తీగెగల ఇయర్‌ఫోను తప్పనిసరి.

ఇప్పుడు యాపుల లోపలికి పోదము. వాల్వు యాంపు చేయు పని, స్థూలముగ, తన శక్తికి మించి వచ్చిన తరంగపు శిఖరములను గుండ్రముగ నణచివేయుట. అణచినప్పుడెల్ల మూలస్వరమునకు రెట్టింపు, మూడింతలు, అయిదింతల పౌనఃపున్యము గల ఉపస్వరములు పుట్టును. వానినే మనము వాల్వు వెచ్చదనమని మెచ్చుకొందుము. యాపు ఈ పనిని గణితముతో చేయును. చిక్కేమనగా, ఉపస్వరములు పైపైకి పెరిగి 24,000 హెర్ట్జుల హద్దును దాటినప్పుడు, 48,000 తునకల లెక్కలో వానికి చోటు లేక, అవి వెనుకకు మడతపడి మూలస్వరముతో పొత్తులేని అపస్వరములై క్రిందికి దిగివచ్చును. రాక్ హోరులో ఇది ఎవరికిని వినబడదు. మనవారు రిషభమునుండి పంచమమునకు నెమ్మదిగా జారుగ పైకెక్కినప్పుడు మాత్రము, నాదము పైకి పోవుచుండగా వెనుక నేదో సన్నని ఈల క్రిందికి దిగుచుండును! తునకల సంఖ్యను లోలోపల రెట్టింపు, నాలుగింతలు చేసికొని లెక్కించు యాపులలో ఈ దోషము తగ్గును. పరీక్ష సులభము: సన్నని తీగెపై, పై స్థాయిలో, డిస్టార్షను మీటను నిండుగ త్రిప్పి, ఒకే మీటున నిదానముగ జారుడు వేసి, కన్నులు మూసికొని వినుడు.

ఉచితమగుటచేత మొదట చేతికందునది గ్యారేజ్‌బ్యాండ్. 2017నుండి ఆపిల్ వారు దానిని ఎల్లరకును ఉచితము చేసిరి. దాని శుద్ధస్వరపు యాంపులు నిరాడంబరముగ, నమ్మదగినవిగ నున్నవి. రికార్డు చేసికొనుట కింతకంటె సులభమైన సాధనము లేదు. కాని వ్రేలి బలమును బట్టి మారు సున్నితత్వము, అనగా మృదువుగ మీటిన శుభ్రముగను, గట్టిగ మీటిన కొంచెము గరుకుగను పలుకు గుణము, అందు నాకు తక్కువగ తోచినది. యాంప్లిట్యూబ్ వేరొక జాతి. ఉచితముగ లభించునది కొలది సామగ్రియే. మిగిలిన యాంపులను, పెడళ్ళను విడివిడిగనో కట్టలుగనో కొనవలెను. ఫెండర్, ఆరెంజ్ వంటి సంస్థల అనుమతితో వారి పేర్లతోనే వచ్చిన నమూనాలందు కలవు. బీసెంట్ నగర్‌లోనో, ఐ.ఐ.టి. సారంగ్ ఉత్సవమునందో పాశ్చాత్య గీతములను వాయించు బృందముల పిల్లలకు ఇది చక్కగ నొప్పును; ఆ పాటలో నే యాంపు వాడిరో ఆ బొమ్మనే నొక్కి ముందుకు సాగవచ్చును. ఆ శ్రమయు నక్కరలేదనువారికి టోన్‌బ్రిడ్జ్ కలదు: పాట పేరు వ్రాసిన చాలును, దానికి తగిన స్వరమును అదియే అమర్చిపెట్టును. నేర్చుకొను పిల్లవానికి ఉత్సాహజనకము. వానికి చెవిని పెంచుటకు మాత్రము అంత ఉపకారి కాదు.

పాజిటివ్ గ్రిడ్ సంస్థ 2013లో తెచ్చిన బయాస్ యాంప్ యాపు వద్ద నేను హెచ్చుసేపు నిలిచితిని. ఇది యాంపులను వడ్డించుట కాక, యాంపును విప్పి ముందు పెట్టును. ప్రీయాంపు వాల్వును మార్చవచ్చును; పవర్ వాల్వును, ట్రాన్స్‌ఫార్మరును మార్చవచ్చును; వాల్వునకు స్థిరముగ నిచ్చు విద్యుత్తును హెచ్చించి తగ్గింపవచ్చును; స్పీకరు పెట్టె యెదుట మైకును ఇటునటు జరుపవచ్చును. ఇవన్నియు రాక్ వాద్యకారునకు వినోదమేమో కాని, గమకము పలుకువానికి అవసరములు. ఏలయన యాంపు పూర్తి శుద్ధముగ నున్నచో నాదము త్వరగ క్షీణించును. పూర్తి గరుకుగ నున్నచో నాదము నిలుచును గాని, స్వరస్థానము మసకబారును. మనకు కావలసినది ఆ రెంటి నడుమనున్న సన్నని త్రోవ, ఎదురుగ నున్నవానికి డిస్టార్షనున్నదని తెలియని డిస్టార్షను. ఆ త్రోవను సిద్ధముగ నున్న ప్రీసెట్టులలో వెదకుటకంటె, వాల్వు వాల్వుగ కట్టుకొనుట సుకరము. యోనాక్ వారి టోన్‌స్టాక్ సామగ్రి విస్తారమున అన్నిటిని మించును. తరంగమును రెండు పాయలుగ చీల్చి, ఒక పాయను శుద్ధముగను, వేరొక పాయను గరుకుగను నడిపి మరల కలుపుట కది వీలిచ్చును. ఆ యేర్పాటు మాండలిన్‌కు సైతము బాగుగ నొప్పినది. కాని దాని తెరపై క్రొత్తవాడు త్రోవ తప్పుట నిశ్చయము.

గరుకు స్వరమున శ్రుతి తీగెలను కలిపి వాయించువారికి మరియొక హెచ్చరిక. డిస్టార్షనులో ఏ రెండు స్వరములు కలిసినను వాని భేదమైన మూడవ నాదమొకటి పుట్టును. షడ్జ పంచమములు రెండుకు మూడు నిష్పత్తిలో నుండుటచే, పుట్టు మూడవ నాదము ఒక స్థాయి క్రిందనున్న షడ్జమే. అందుచేతనే రాక్ వారు ఈ జంటను విడువరు. షడ్జముతో అంతర గాంధారమును కలిపిన కథ మారును: గిటారు మెట్లపై గాంధారము సహజగాంధారముకంటె కొంచెము హెచ్చు, ఆ కొంచెము తేడా మూడవ నాదములో ఎంతయో పెరిగి, అడుగున శ్రుతి తప్పిన గొణుగుడుగ వినబడును. ఏ యాపును దీనికి అతీతము కాదు. వాల్వు యాంపును కాదు.

ఇక నాదశేషమునకు ప్రబలశత్రువును పేర్కొందును. అది నాయిస్ గేట్. తీగె మౌనముగ నున్నప్పుడు వినబడు గురగురను మూసివేయుటకు, ధ్వని ఒక హద్దుకు తగ్గినంతనే ద్వారము మూయు ఈ ఉపాయము గ్యారేజ్‌బ్యాండునందును, యాంప్లిట్యూబునందును, పాజిటివ్ గ్రిడ్ వారిదే యగు బయాస్ ఎఫ్‌ఎక్స్ నందును కలదు. గరుకు ప్రీసెట్టులలో తరచుగ ముందే పనిలో నుండును. అది రాక్ వాయింపునకు మేలు. తోడి రాగాలాపనలో గాంధారము ఊగుచు ఊగుచు సన్నగిల్లువేళ, ఆ గేటు స్వరమును నడిమికి నరికివేయును. వాయించినవాడు తన వ్రేలినే నిందించుకొనును. మొట్టమొదట దానిని ఆపుడు. దాని స్థానమున కంప్రెసరును యాంపునకు ముందు మితముగ నుంచిన, అది మీటిన క్షణపు ఉద్ధృతిని తగ్గించి, తోకను పైకెత్తును. కొంత గురగుర మిగులును. తంబురా శ్రుతిలో అది కలిసిపోవును.

యాపులను గూర్చి ఇంత చెప్పితిని గాని, ఒక యాపునకును వేరొక యాపునకును గల తేడాకంటె, అతుకుపెట్టెకును అతుకుపెట్టెకును గల తేడా పెద్దది. గిటారు పికప్పునకు ఎదుట దాదాపు ఒక మెగాఓమ్ నిరోధము గల ద్వారము కావలెను. మైకు కొరకు చేసిన ద్వారమున దూర్చినచో పై స్వరములు చచ్చి, కంబళి కప్పిన ధ్వని వచ్చును. రిచీ వీధిలో కొలది రూపాయలకు దొరకు జాక్ మార్పిడి తీగెలు ఈ ద్వారము నీయలేవు. పైగా క్రొత్త ఐప్యాడ్లలో ఇయర్‌ఫోను రంధ్రమే లేదు. ప్రో తరగతిలో 2018లోనే అది అదృశ్యమైనది. గిటారునకు ప్రత్యేకమైన ఇన్‌పుట్ గల యుఎస్‌బి ఆడియో ఇంటర్‌ఫేసే శరణ్యము. ఛార్జరు తగిలించి వాయించునప్పుడు ఝుమ్మను మ్రోత వచ్చిన, ఆ దోషము తరచుగ యాపుది కాక గృహమందలి ఎర్తింగుది. ఛార్జరు తీసి చూచిన తెలియును. ఇంకొక స్థానికమైన చిక్కు ఎండ. ఐప్యాడును 35 డిగ్రీలకు లోబడిన పరిసరములలో వాడుడని ఆపిల్ వారి సూచన. రోహిణీకార్తెలో మేడగదిలో అది ఎటుల సాధ్యము? వేడెక్కిన పరికరము తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పుడు లెక్క సకాలమున తెమలక ధ్వని పటపటమని చిట్లును. బరువైన నమూనాలను వరుసగ పేర్చిన టోన్‌స్టాక్ వంటివాటికి ఈ బాధ హెచ్చు, గ్యారేజ్‌బ్యాండునకు తక్కువ.

ఆండ్రాయిడు ట్యాబ్లెట్టు గలవారు నన్ను మన్నింతురు గాక. ఆ రంగమున పరికరమునకొక తీరుగ ఆలస్యముండుట చిరకాలపు వ్యాధి. 2015లో ఐకే వారు ఐరిగ్ యూఏ అను అతుకుపెట్టెను తెచ్చినప్పుడు, ట్యాబ్లెట్టును నమ్మలేక, యాంపు లెక్కనంతయు ఆ పెట్టెలోని ప్రత్యేకమైన చిప్పుచేతనే చేయించిరి. తెర కేవలము మీటలకే యుపయోగించినది! 2017నాటి ఆండ్రాయిడ్ 8తో పరిస్థితి మెరుగుపడినది. డెప్‌లైక్ వంటి యాపులు వచ్చినవి. అయినను కొనుటకు ముందు స్వయముగ వాయించి చూడవలసినదే.

సభలలో వాయించు విద్వాంసులు కొందరు ఈ యాపులను చూచి, గణితముతో చేసిన నాదము కచేరీకి తగునా యని సందేహించుట కలదు. బెంగళూరు రాడెల్ వారి ఎలక్ట్రానిక్ తంబురా 1979లో పుట్టినది. నాటినుండి నేటివరకు అదియో, దాని సంతతియో ఎదుట పెట్టుకొని పాడని వేదిక ఎంత వెదకినను అరుదు. అనేకుల తంబురా నేడు ఫోనులోని యాపే. తంబురా విషయమున చెల్లిన న్యాయము యాంపు విషయమున చెల్లదనుటకు హేతువు నాకు కనబడదు.

పోల్చి చూచిన పిమ్మట నా సలహా యిది. క్రొత్తగ నేర్చువారు ధనమును యాపుపై గాక ఇంటర్‌ఫేసుపై వ్యయించి, గ్యారేజ్‌బ్యాండుతో ఒక యేడు గడపవలెను. పాశ్చాత్య గీతముల బృందమువారు యాంప్లిట్యూబులో తమకు వలసిన ఒకటి రెండు నమూనాలనే కొనవలెను. పండుగ తగ్గింపులకు లోనై కట్టలు కొనినవారు వానిలో అధికభాగమును తెరచియు చూడరు. రాగము వాయించువారు, గిటారైనను మాండలినైనను, బయాస్ యాంపులో ఒక్క యాంపును కట్టుకొని, దానిని మార్చకుండ నెలల తరబడి దానితోనే సాధన చేయుట మేలు. కచేరీనాడు యాపులోని రివెర్బును పూర్తిగ తీసివేసి, స్పీకరు పెట్టె నమూనాను మాత్రముంచి, ఇంటర్‌ఫేసునుండి ఒంటి తీగెను డీఐ పెట్టె ద్వారా సౌండు ఇంజనీరున కిచ్చి, ట్యాబ్లెట్టును ఎయిరోప్లేన్ మోడునందుంచవలెను. లేనిచో కీర్తన నడుమ ఎవరో ఫోను చేయుదురు.